పాత చీరల బొంత మీద మెలిక ముగ్గులు: ఒక పని పూర్వాపరాలు

కిందటేడు శ్రావణమాసపు జాకెట్ల రద్దీ తగ్గిన వారానికి, గుంటూరు నుంచి ఒకావిడ రెండు సంచులతో తెనాలిలోని మా ఎంబ్రాయిడరీ షాపుకు వచ్చారు. ఒక సంచిలో వాళ్ల అమ్మగారి నూలు చీరలు పది, నాన్నగారి పంచెలు నాలుగు ఉన్నాయి. రెండో సంచిలో అట్ట ఊడిపోయిన రూళ్ల నోటుపుస్తకం ఒకటి ఉంది. దాని నిండా అమ్మగారు నీలం సిరాతో వేసుకున్న ముగ్గులు, ఒక్కో ముగ్గు కింద ఆమె చేతిరాతలో చుక్కల లెక్క. అమ్మగారు పోయి ఏడాది దాటింది. ఆ చీరలతో మంచానికి సరిపడే బొంత కుట్టి, దాని మీద ఆ పుస్తకంలోని ముగ్గులను మెషిన్ మీద వేసి ఇవ్వగలమా అని ఆవిడ అడిగారు.

నేను పదకొండేళ్లుగా 12 సూదుల సింగిల్ హెడ్ (ఒకసారికి ఒకే బట్ట మీద కుట్టే) కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ నడుపుతున్నాను. దాని మీద ఎక్కువగా సాగేది పెళ్లి జాకెట్ల పని. జాకెట్టు మీద కుట్టు ఎంత దట్టంగా పడితే పని అంత నిండుగా కనిపిస్తుంది, బట్ట కాస్త బిరుసెక్కినా ఎవరూ పట్టించుకోరు, ఉతుకు కూడా అరుదు. బొంత సంగతి వేరు. అది ఒంటికి తగులుతుంది, రోజూ నలుగుతుంది, తరచుగా ఉతుకు పడుతుంది. పైగా దాని మీద పడే కుట్టు చూడముచ్చటగా ఉండటంతో పాటు పొరలన్నింటినీ కలిపి పట్టి ఉంచాలి, అలా పట్టి ఉంచుతూనే పాత నూలు మెత్తదనాన్ని చంపకుండా ఉండాలి. ఈ పని పూర్తయ్యేలోపు నేను చేసిన తప్పులూ దిద్దుబాట్లూ అన్నీ ఒక్క సంగతి చుట్టూనే తిరిగాయి. చేతికొచ్చిన బట్ట ఎంత కుట్టును మోయగలదో ముందు తేల్చుకుని, ఆ తర్వాత డిజైనును దానికి తగ్గట్టు పలచన చేసుకోవాలి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్లలో బొంతల పని చేపట్టాలనుకునేవారికి పనికొస్తుందని ఆ వివరాలు రాస్తున్నాను.

బొంత కొలత 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవుగా ఖాయం చేసుకున్నాం. పూర్తయ్యాక 10 అంగుళాలు తేలే చదరపు బ్లాకులు అడ్డంగా 6, నిలువుగా 9, మొత్తం 54. వీటిలో 27 బ్లాకుల మీద ముగ్గులు, మిగతా 27 బ్లాకుల మీద కేవలం పొరలను పట్టి ఉంచే గళ్ల కుట్టు, చదరంగం బల్ల మీద లాగా ఒకటి విడిచి ఒకటి. విదేశాల్లో ఇలాంటి బ్లాకులకు మధ్యలో దూది పరుపు పొర పెట్టి, కొత్త నూలు బట్ట మీద కుడతారు. అమ్మకానికి దొరికే బొంత డిజైన్లలో చాలావరకు ఆ లెక్కతో తయారైనవే. మన బొంతలో దూది ఉండదు, పాత బట్ట మీద పాత బట్ట పరచి కుట్టడమే. ఆవిడ కూడా దూది వద్దన్నారు. మధ్య పొరగా నాన్నగారి పంచెలనే వేయమన్నారు. ఆ మాట పనికి కూడా మేలు చేసింది, ఎందుకంటే ఏళ్ల తరబడి ఉతికిన పంచెలో ఇక కుంచించుకుపోయే గుణం దాదాపు మిగలదు.

బట్టను చదవడం

మొదటి రెండు రోజులూ మెషిన్ ఆన్ చేయలేదు. పది చీరలనూ కుంకుడుకాయ రసంలో ఉతికి, నీడన ఆరేసి, ఒక్కొక్కదాన్ని కిటికీకి అడ్డంగా పట్టి వెలుతురులో చూశాం. కట్టిన చీర అన్నిచోట్లా ఒకేలా అరగదు. మడమలు తగిలే కింది అంచు, కుచ్చిళ్లు దోపుకునే చోటు, పెట్టెలో ఏళ్ల తరబడి ఒకే చోట పడిన మడతలు ముందుగా చివుకుతాయి. కొంగు, లోపలి చుట్టులో ఉండే భాగం గట్టిగా మిగులుతాయి. వెలుతురులో పలచగా కనిపించిన ప్రతిచోటా బట్టను రెండు బొటనవేళ్లతో పట్టి నిలువుగానూ అడ్డంగానూ మెల్లగా లాగి చూశాం. పోగులు పక్కకు జరిగి మళ్లీ కలుసుకుంటే ఆ చోటు వాడవచ్చు. జరిగి అలాగే ఉండిపోతే ఆ చోటు బొంతకు పనికిరాదు. సుద్దముక్కతో మంచి చోట్ల చుట్టూ గీతలు గీసుకున్నాక, ఐదున్నర మీటర్ల చీరలో మాకు మిగిలినది ఒక్కోసారి సగం కూడా లేదు.

రంగు పరీక్షలో నారాయణపేట చీర ఎరుపు అంచు మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. తడిపి, తెల్లని నూలు గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేస్తే గుడ్డ గులాబి రంగుకు తిరిగింది. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇళ్లలో అంటారు. నా అనుభవంలో అలా నానబెట్టడం పోయే రంగును పూర్తిగా ఆపలేదు. తెల్ల గుడ్డకు అంటడం మానేదాకా చల్లని నీళ్లలో విడిగా ఉతుకుతూ పోవడమే దారి. ఐదో ఉతుకుకు ఆగింది. కింద ఉండబోయేవి తెల్ల పంచెలు కాబట్టి ఈ ఓపిక తప్పనిసరి.

ఏ చీర ఎక్కడికి అన్నది బట్ట స్వభావాన్ని బట్టి నిర్ణయించుకున్నాం. మంగళగిరి చీరలు నాలుగు ఉన్నాయి. సంప్రదాయ మంగళగిరి నేతలో ఒంటి మీద బుటా ఉండదు, నిండు రంగు నేల, అంచున జరీ, అంతే. మిరపపండు, ముదురు ఆకుపచ్చ, నేరేడు రంగుల ఆ సాదా నేలలు ముగ్గుకు అలికిన వాకిలిలా అమరాయి. అందుకే 27 ముగ్గు బ్లాకులూ వాటిలోంచే తీశాం. నారాయణపేట చీరలు రెండు గళ్లవి, పెడన కలంకారీ చీర ఒకటి పూల అచ్చుది. వాటి మీద ముగ్గు వేస్తే గీత కంటికి ఆనదు కాబట్టి ఆ కలంకారీనీ, నారాయణపేటలలో ఒకదాన్నీ గళ్ల కుట్టు బ్లాకులకు పెట్టాం. రెండో నారాయణపేట చీర జరీ లేని నూలు అంచుది, తక్కువగా కట్టినది, అందువల్ల దాన్ని బొంత అడుగుకు ఉంచాం. వెంకటగిరి చీరలు రెండూ ఎంతో సన్నని నూలువి, అమ్మగారికి ఇష్టమైనవి. వాటి గురించి కింద రాస్తాను.

గద్వాల చీర ఒకటి ఉంది. దాని నేల నూలు, అంచు పట్టు, రెండింటినీ నేతలోనే కుట్టుగా కలుపుతారు. నూలూ పట్టూ కలిసిన చోట బ్లాకు తీసి ఇస్త్రీ పెట్టి చూస్తే రెండూ రెండు రకాలుగా లాగాయి, ముక్క చదరంగా నిలవలేదు. పైగా అంచులోని జరీ మీదుగా సూది పోతే పైదారం నలిగి తెగుతుంది, ఆ జరీ ఒంటికి గీసుకుంటుంది కూడా. ఆ చీరను కోయవద్దని ఆవిడకు చెప్పి, మడిచి తిరిగి ఇచ్చేశాను. వచ్చిన బట్టనంతా వాడి తీరాలన్న పట్టుదల ఈ పనిలో మంచిది కాదు.

పాడైన మొదటి బ్లాకు

ఇక్కడ నా పొరపాటును దాచకుండా రాయాలి. నా కంప్యూటర్లో ఉన్న జాకెట్టు డిజైన్లలోంచి ఒక మామిడి పిందెను తీసి, 7 అంగుళాలకు పెంచి, వెంకటగిరి చీరలో మిగిలిన ముక్క మీద ప్రయత్నించాను. ముగ్గు బ్లాకుల నడుమ మామిడి పిందెలు కూడా ఉంటే నిండుగా ఉంటుందని నా ఆలోచన. ఫిల్లింగ్, అంటే ఆకారం లోపలంతా దారంతో నింపే కుట్టు, దాని వరుసల మధ్య దూరం 0.4 మి.మీ., కుట్టు పొడవు 4 మి.మీ., ఇది మా జాకెట్లకు రోజూ వాడే లెక్కే. మెషిన్ మీదనుంచి దించినప్పుడు పిందె మెరిసిపోతూ ఉంది కానీ చుట్టూ బట్ట ముడతలు పడింది. ఒకసారి ఉతికి ఆరేశాక, పిందె శాటిన్ అంచు, అంటే అటూ ఇటూ దగ్గరదగ్గరగా తిరిగే మెరుపు కుట్టు, దాని వెంట బట్ట దాదాపు రెండు అంగుళాల మేర విడిపోయింది, తపాలా బిళ్లల కాగితం చిల్లుల వెంట చిరిగినట్టుగా.

కారణం చిన్న లెక్కలో ఉంది. 0.4 మి.మీ. దూరంతో వరుసలు వేస్తే సెంటీమీటరుకు 25 వరుసలు పడతాయి. ఒక్కో వరుసలో 4 మి.మీ. కుట్లు సెంటీమీటరుకు రెండున్నర. అంటే ఒక్క చదరపు సెంటీమీటరులో 62 సూదిపోట్లు. శాటిన్ అంచు వెంటైతే పోట్లన్నీ ఒకే గీత మీద, 0.4 మి.మీ.కు ఒకటి చొప్పున వరుసగా పడతాయి. కొత్త జాకెట్టు బట్ట, కింద బక్రం అనే బిరుసు బట్ట, ఈ పోట్లను తట్టుకుంటాయి. ముప్పై ఏళ్లు కట్టిన సన్నని నూలులో ఆ పోట్లు పోగులను పక్కకు తొయ్యవు, తెంపేస్తాయి. ఉతికినప్పుడు బిరుసైన దారం ముద్ద ఒకవైపుకూ మెత్తని బట్ట మరోవైపుకూ లాగుతాయి, తెగిన గీత విడిపోతుంది. కింద బక్రం వేస్తే చిరుగు ఆగేదేమో కానీ, అప్పుడు అది కప్పుకునే బొంత కాదు, గోడకు వేలాడదీసుకునే అట్ట అవుతుంది. ఆ సాయంత్రమే ఫిల్లింగ్ డిజైన్లన్నింటినీ ఈ పనికి దూరంగా పెట్టాను. ఆవిడకు ఫోన్ చేసి పాడైన ముక్క సంగతి చెప్పాను. కొంగులో చివరన మిగిలిన ముక్కే అయినా, అది వాళ్ల అమ్మగారి చీర కదా.

ముగ్గులో ఉన్న దారి

ఫిల్లింగ్ వద్దనుకున్నాక మిగిలింది గీత కుట్టే, అంటే రన్నింగ్ కుట్టు. అప్పుడు నోటుపుస్తకం తెరిచి ముగ్గులను మెషిన్ కంటితో చూడటం మొదలుపెట్టాను. అందులో సగానికి పైగా మెలిక ముగ్గులే. చుక్కలను కలుపుకుంటూ పోయే ముగ్గులు కొన్ని ఉంటాయి, చుక్కలను తాకకుండా వాటి చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చి చేరేవి మెలిక ముగ్గులు. మెషిన్ ఎంబ్రాయిడరీలో గీత ఆగి, దారం తెగి, మరోచోట మళ్లీ మొదలైన ప్రతిసారీ బట్ట అడుగున ఒక ముడి మిగులుతుంది. ఉతుకులో ముందుగా ఊడేవి ఆ ముడులే. ఎక్కడా తెగని గీత దొరికితే బొంతకు అంతకంటే మేలు లేదు. మెలిక ముగ్గు అచ్చంగా అలాంటి గీత.

కొన్ని మెలిక ముగ్గులు ఒకే గీతతో పూర్తవుతాయి, మరికొన్నింటిలో రెండు మూడు చుట్లు విడివిడిగా తిరిగి ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఈ రెండో రకాన్ని కూడా దారం తెంపకుండా కుట్టవచ్చునని కాగితం మీద వేలు పెట్టి తిప్పుతుంటే అర్థమైంది. గీతలు దాటుకునే ప్రతి కూడలిలోనూ నాలుగు దారులు కలుస్తాయి. కోనిగ్స్‌బర్గ్ ఊరి ఏడు వంతెనల చిక్కు మీద 18వ శతాబ్దంలో గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ తేల్చిన సూత్రం ఇక్కడ సరిగ్గా పనిచేస్తుంది. కూడళ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండి, ప్రతి కూడలికీ సరిసంఖ్యలో దారులు ఉంటే, ఏ దారినీ రెండోసారి తొక్కకుండా అన్నీ చుట్టి మొదటికి రావచ్చు. చుట్టు మారాల్సిన చోట కూడలిలో నేరుగా దాటకుండా పక్కకు మళ్లితే సరిపోతుంది. కుట్టిన తర్వాత అది మలుపో దాటో కంటికి తెలియదు. పుస్తకంలోంచి ఎంచుకున్న తొమ్మిది ముగ్గులకూ ఇలా ఒక్కొక్క దారి రాసుకున్నాను. ఒక్కో ముగ్గు మూడు బ్లాకుల మీద వస్తుంది.

డిజిటైజింగులో, అంటే ముగ్గును మెషిన్ చదివే కుట్ల ఫైలుగా మార్చడంలో, మరో పొరపాటు జరిగింది. మొదటి ముగ్గును స్కాన్ చేసి, దానిలో పావు భాగం మాత్రమే గీసి, అద్దంలో తిప్పినట్టు నాలుగు వైపులా తిప్పి అతికించాను. లెక్క ప్రకారం చక్కగా వచ్చింది. నమూనా చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి, “మా అమ్మ ముగ్గు ఇంత లెక్కగా ఉండదమ్మా. ఒంగి వేసేటప్పుడు కుడివైపు గీత కాస్త సాగేది, చూడు,” అని పుస్తకంలోని పేజీ మీద వేలు పెట్టారు. నిజమే, ప్రతి పేజీలోనూ కుడివైపు మెలికలు ఒక పిసరు కోలగా ఉన్నాయి. ఆ ఫైలు తీసేసి, తొమ్మిది ముగ్గులనూ స్కాన్ మీద మౌసుతో గీతకు గీతగా మళ్లీ గీశాను. ఒక్కోదానికి రెండున్నర గంటలు పట్టింది. చేతి గీతలో వణుకు ఎక్కడ ఉందో అక్కడ ఉంచాను. బ్లాకు చదరం దాటి బయటకు పోయిన చోట్ల మాత్రమే లోపలికి జరిపాను. కావాలని చేసిన ఈ పని సరైనదేనని ఇప్పటికీ నా నమ్మకం. సమంగా ఉన్న ముగ్గు కావాలంటే ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది.

కుట్టు లెక్క ఇలా నిలిచింది: పొడవు 2.5 మి.మీ., మలుపుల్లో 2 మి.మీ., ప్రతి కుట్టూ ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు మూడుసార్లు. మూడు పోట్లూ అవే రంధ్రాల్లో పడతాయి కాబట్టి గీత ముగ్గుపిండి గీతంత లావుగా కనిపిస్తుంది, బట్టకు చిల్లులు మాత్రం పెరగవు. కూడలి దగ్గర రెండు గీతల సూదిపోట్లు ఒకే బిందువులో పడకుండా అటూ ఇటూ జరిపాను. చిన్న ముగ్గుకు 2,000 కుట్లు, పెద్దదానికి 3,900 దాకా వచ్చాయి. గళ్ల కుట్టు బ్లాకుకు రెండేసి అంగుళాల ఎడంతో 3 మి.మీ. కుట్టు, దాదాపు 680 కుట్లు.

చుక్కల విషయం తేలడానికి మరో రోజు పట్టింది. చుక్కను మెషిన్ మీద గుండ్రని శాటిన్‌గా వేస్తే, పెద్ద ముగ్గులో 37 చుక్కలకు 37 సార్లు దారం తెగాలి, అడుగున 37 ముడులు, చుక్క ఉన్నచోట గట్టి గింజ. తెగని గీత కోసం పడిన శ్రమంతా చుక్కల దగ్గర వృథా అయ్యేది. కాబట్టి చుక్కలను మెషిన్‌కు ఇవ్వకుండా చేతిపనికి వదిలాను. ఆ ఏర్పాటు తర్వాత మరో చిక్కును కూడా విప్పింది.

గంజి, ఫ్రేము, కుట్టు

పాత బట్టను ఫ్రేములో, అంటే మెషిన్ మీద బట్టను పట్టి ఉంచే చట్రంలో, బిగిస్తే రెండు ప్రమాదాలు: రింగు మచ్చ పడుతుంది, లేదా బిగింపు దగ్గరే చిరుగుతుంది. అందువల్ల చీరను ఫ్రేములో పెట్టనేలేదు. 30 సెంటీమీటర్ల చదరపు ఫ్రేములో పంచెల పొరలు రెండింటిని బిగించి, వాటి మీద చీర ముక్కను ఊరికే పరచి, మెషిన్ చేతనే చుట్టూ 6 మి.మీ. కచ్చా కుట్టు వేయించాం. లాగుడంతా పంచె మీద పడుతుంది, చీర ముక్క దాని మీద హాయిగా పడుకుని ఉంటుంది. చీర ముక్కలను 15 అంగుళాల చదరంగా తీసుకున్నాం. 45 అంగుళాల చీర వెడల్పుకు సరిగ్గా మూడు ముక్కలు వస్తాయి.

కింద కాగితం పొర, అంటే చింపితే ఊడిపోయే స్టెబిలైజర్, వాడలేదు. ఎంత జాగ్రత్తగా చింపినా గీతల కింద దాని ముక్కలు మిగిలి, కప్పుకున్నప్పుడు గరగరమంటాయి. దానికి బదులు గంజి పెట్టాం. సగ్గుబియ్యం పలచగా కాచి, పలుచని గుడ్డలో వడగట్టి, చీర ముక్కలను ముంచి పిండి, నీడన ఆరేసి, ఇంకా కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేశాం. ముక్క కాగితంలా నిలబడింది, సూది కింద పోగులు జరగలేదు, బొంత పూర్తయ్యాక మామూలు ఉతుకులో గంజి మొత్తం పోయింది. పని మధ్యలో గంజి బట్టను ఎక్కువ రోజులు కట్టకట్టి ఉంచకూడదు, పురుగు పడుతుంది. అందుకే ఏ పూట కుట్టేవాటికి ఆ ముందురోజే పెట్టుకున్నాం.

సూది 75/11 సైజు, వేగం నిమిషానికి 550 కుట్లు. జాకెట్లకు దీనికంటే ఎక్కువే నడుపుతాం, కానీ మూడు పొరల మీద వేగం పెంచితే బట్ట సూదితో పాటు పైకి లేచి, కుట్టు తప్పి, అడుగున దారం గూడు కడుతుంది. అదే కారణంగా ఫుట్, అంటే సూది పక్కన బట్టను అదిమే ముక్క, దాని ఎత్తు కూడా సరిచూసుకోవాలి, అది బట్టను తాకీ తాకనట్టు ఉండాలి. దారం 40 నంబరు పాలిస్టర్. విస్కోస్ దారం మెరుపు బాగుంటుంది కానీ, తరచుగా ఉతికే వస్తువుకు పాలిస్టరే మన్నుతుంది. రంగు విషయంలో స్వచ్ఛమైన తెలుపు వేసి చూస్తే నేరేడు రంగు మీద కళ్లకు గుచ్చుకున్నట్టుగా ఉంది. ఒక ఛాయ తగ్గించి, బియ్యప్పిండి రంగుకు దగ్గరగా ఉన్న తెలుపు తీసుకున్నాం.

వెంకటగిరి చీరలకు ముగ్గు వేయలేదు. వాటి ముక్కలను గళ్ల కుట్టు బ్లాకుల్లోనే, మూడుసార్ల కుట్టు లేకుండా ఒంటి కుట్టుతో సరిపెట్టాం. అమ్మగారికి ఇష్టమైన చీరలు కాబట్టి వాటిని మధ్య వరుసల్లో, తల వైపుకు దగ్గరగా అమర్చమని ఆవిడ కోరారు.

కుట్టు పడ్డాక బ్లాకు లోపలికి లాగుతుంది. ముగ్గు బ్లాకులు నాలుగైదు మిల్లీమీటర్లు, గళ్ల బ్లాకులు రెండు మిల్లీమీటర్లు తగ్గాయి. ముందే కొలిచి కోసుకుని ఉంటే 54 బ్లాకులు 54 కొలతల్లో వచ్చేవి. కుట్టాక, బ్లాకును తువ్వాలు మీద బోర్లా వేసి ఇస్త్రీ చేసి, ఒక రాత్రి అలా వదిలేసి, మర్నాడు ముగ్గు నడిబొడ్డు నుంచి కొలుచుకుంటూ పదిన్నర అంగుళాలకు కోశాం.

కూర్పు

బ్లాకులు కలిపే చోట ఒక్కో బ్లాకుకు మూడు పొరల చొప్పున ఆరు పొరలు వస్తే అతుకు తాడులా ఉబ్బుతుంది. అందుకని ప్రతి బ్లాకు అంచుకూ లోపలగా ఒక చదరపు గీత కుట్టు, చీర నేల రంగులోనే ఉన్న దారంతో, ముందే వేయించాం. ఆ గీతకు బయట ఉన్న పంచె పొరలను మొన మొద్దుగా ఉన్న కత్తెరతో వెనకనుంచి కత్తిరించేశాం. ఇక అతుకులోకి వెళ్లేది చీర ఒక్కటే. పావు అంగుళం అతుకు, రెండు వైపులకూ విప్పి ఇస్త్రీ. 54 బ్లాకులు కలపడానికి రెండు రోజులు పట్టింది.

అడుగుకు ఉంచిన నారాయణపేట చీరను అడ్డంగా 62 అంగుళాల రెండు ముక్కలు కోసి కలిపాం. చీర వెడల్పు 46 అంగుళాలు ఉండటంతో అతుకు పోగా 90 అంగుళాల పొడవుకు సరిపోయింది. కలిపిన చోట రెండు అంచులూ పక్కపక్కన వచ్చి బొంత వెనక నడుమున ఒక పట్టీలా నిలిచాయి. బ్లాకుల అతుకుల గాడి వెంట మామూలు కుట్టు మిషను మీద కుట్టి పైభాగాన్నీ అడుగునూ కలిపాం. ముగ్గు బ్లాకుల మధ్యలో మాత్రం అడుగు పొర వదులుగా ఉండిపోయింది. అక్కడ మళ్లీ మెషిన్ కుట్టు వేస్తే ముగ్గు మీద గీతలు పడతాయి. ఆగి ఉన్న చుక్కలు ఇక్కడ పనికొచ్చాయి. ప్రతి చుక్క దగ్గరా చేత్తో ముడికుట్టు వేసి, సూదిని నాలుగు పొరలనూ దాటించాం. చుక్క పైన కనిపిస్తుంది, అడుగు పొర దానితోనే బిగుస్తుంది. ఏడువందల పైచిలుకు చుక్కలు, మా షాపులోని ఇద్దరమ్మాయిలకు నాలుగు రోజుల పని. బొంతను తిరగేస్తే గీతలు లేకుండా చుక్కలు మాత్రమే కనిపిస్తాయి, తెల్లవారుజామున గీత కలపకముందు వాకిలి ఉన్నట్టుగా.

పేరు కుట్టే విషయంలో మొదట ఆవిడ అడిగింది అమ్మగారి పేరు. నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఫాంటును కుట్టుగా మారిస్తే ఒత్తులు, తలకట్లు ఒకదానిలో ఒకటి మూసుకుపోయాయి. అక్షరాల లోపలి సందులు ఒక మిల్లీమీటరుకు తగ్గితే దారం వాటిని నింపేస్తుంది. అప్పుడు పుస్తకంలో ఒక ముగ్గు కింద ఆమె రాసుకున్న “7 చుక్కలు సందు చుక్క 4 వరకు” అన్న పంక్తిని స్కాన్ చేసి, అక్షరాలను 15 మి.మీ. ఎత్తుకు పెంచి, 1.5 మి.మీ. ఒంటి కుట్టుతో ఆ రాతను ఉన్నది ఉన్నట్టుగా కుట్టాను. అది కాళ్లవైపు కుడి మూల బ్లాకులో ఉంది. “చుక్కలు”లో కావత్తు కింద ఆమె కలం ఒక్కసారి ఆగి కదిలినట్టు చిన్న గంటు ఉంది, దాన్ని కూడా వదల్లేదు. ఇది చూశాక పేరు అక్కర్లేదని ఆవిడే అన్నారు.

ధర కట్టడం గురించి తోటివాళ్లకు ఒక మాట. మన షాపుల్లో వెయ్యి కుట్లకు ఇంత అని ధర కడతాం. ఈ బొంత మొత్తం మీద పడిన కుట్లు లక్ష, మరో ఐదారు వేలు. నిండు పని పెళ్లి జాకెట్టుకు కూడా మా దగ్గర లక్ష దాటడం మామూలే. ఆ లెక్కన ధర కడితే బొంత వెనకున్న పనిలో పావు వంతు కూడా రాదు. మెషిన్ నడిచింది, ఫ్రేము బిగింపులతో సహా, 15 గంటలే. మిగతాదంతా బట్ట చూడటం, ఉతకడం, గంజి, డిజిటైజింగ్, కూర్పు, చుక్కలు. రోజు కూలి లెక్కన ధర కట్టి, ఆవిడకు ముందే చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాను.

బొంత బరువు ఒకటిన్నర కిలోకు కాస్త పైన తేలింది. గంజి పోవడానికి ఉతికాక పొడవులో ఒక అంగుళం, వెడల్పులో ముప్పావు అంగుళం తగ్గింది. ఆరు నెలల తర్వాత ఆవిడ బొంతను చూపించడానికి తెచ్చారు. ముగ్గు బ్లాకుల్లో ఒక్క గీత కూడా తెగలేదు, మంగళగిరి నేలలు మెత్తబడి ముగ్గు గీత ఇంకాస్త ఉబ్బి కనిపిస్తోంది. వెంకటగిరి బ్లాకుల్లో మాత్రం ఒకటి, గళ్ల కుట్టు పక్కన బొటనవేలంత మేర చివికి విడిపోయింది. ఒంటి కుట్టు కూడా ఆ బట్టకు ఎక్కువే అయిందన్నమాట. దాని మీద అదే చీరలో దాచి ఉంచిన ముక్కను పెట్టి, చేత్తో సన్నని దూరపు కుట్లు వేసి ఇచ్చాను. మిగిలిన ముక్కలు నాలుగింటిని ఒక కవరులో పెట్టి, మళ్లీ అవసరమైతే వాడటానికి ఆవిడకే అప్పగించాను.